కంప్యూటర్‌లోనే పుట్టిన తెలుగు రికార్డులు: ఆర్కైవ్స్ సిబ్బంది పాటించదగిన పని పద్ధతి

కాగితపు ఫైలు ఆలస్యాన్ని కొంతవరకు భరిస్తుంది. కచేరీ రికార్డు రూంలో గుడ్డ మూటగా 30 ఏళ్లు ఉండిపోయినా, చెదలు పట్టకుండా, చెమ్మ తగలకుండా ఉంటే చాలు, మూట విప్పి చదువుకోవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో (ఆర్కైవ్స్‌లో) షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి పర్షియన్ పత్రాలు నేటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. కంప్యూటర్‌లోనే తయారైన రికార్డు అలా ఎదురుచూడదు. 2001లో పేజ్‌మేకర్‌లో కూర్చిన ఒక శాఖ వార్షిక నివేదికను ఇవాళ తెరవాలంటే ఆ ప్రోగ్రాము కావాలి, అది నడిచే పాత విండోస్ కావాలి, అప్పుడు వాడిన తెలుగు ఫాంటు కావాలి, ఆ ఫాంటు ప్యాకేజీతో వచ్చిన డాంగిల్ (తగిలిస్తేనే ప్రోగ్రాము నడిచే చిన్న పరికరం) కూడా కావలసి రావచ్చు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా డిస్కులో ఫైలు కనిపిస్తూనే ఉంటుంది గాని అందులోని విషయం మనకు అందదు.

అందువల్ల ఎలక్ట్రానిక్ రికార్డుల విషయంలో ఆర్కైవ్స్ పని కాలం తీరిన ఫైళ్లు గడపలోకి వచ్చాక మొదలయ్యేది కాదు, అవి ఇంకా వాడుకలో ఉండగానే మొదలు కావాలి. ఈ మార్గదర్శి ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు, దేవస్థానాలు, సహకార సంఘాల వంటి చోట్ల రికార్డుల బాధ్యత చూసేవారికీ, ఆ రికార్డులను స్వీకరించి భద్రపరిచే అభిలేఖాగారాల సిబ్బందికీ ఉద్దేశించినది. పాత కాగితాలను స్కాన్ చేయడం వేరే పని. అక్కడ మూలం కాగితమే కాబట్టి స్కాన్ చెడితే మళ్లీ తీయవచ్చు. ఇక్కడ చెప్పబోయే రికార్డులకు కాగితపు మూలం లేదు.

రికార్డుల బదిలీకి ముందే కార్యాలయానికి వెళ్లాలి

మొదటి పని రికార్డులు నిజంగా ఎక్కడున్నాయో చూడడం. ఫైళ్లను కంప్యూటర్‌లోనే నడిపే ఈ-ఆఫీస్ వ్యవస్థ అమలులో ఉన్న కార్యాలయంలో కూడా అన్నీ ఈ-ఆఫీస్‌లోనే ఉంటాయని అనుకోకూడదు. సెక్షన్ గుమాస్తా ఎక్సెల్‌లో నడిపే రిజిస్టరు, అధికారి సొంత ఈమెయిల్‌కు వచ్చిన ప్రతిపాదన, వాట్సాప్ గ్రూపులో వెళ్లిన తక్షణ ఆదేశం, క్షేత్ర సిబ్బంది ఫోనుల్లో తీసిన ఫొటోలు, పాత సర్వర్‌లో నిలిచిపోయిన దరఖాస్తుల డేటాబేసు, వీటిలో కొన్ని అసలు ఫైలు కన్నా ముఖ్యమైన సాక్ష్యం కావచ్చు. ఒక్కో సెక్షన్‌లో కూర్చుని ‘ఈ పని ఎలా మొదలవుతుంది, ఎవరి దగ్గరికి పోతుంది, ఎక్కడ ముగుస్తుంది’ అని అడిగి రాసుకోవడమే దీనికి సరైన దారి. కంప్యూటర్లలోని ఫోల్డర్ల జాబితా తీసుకుని రావడంతో ఈ సమాచారం దొరకదు.

చట్టం ఈ విషయంలో మనకు తోడుగానే ఉంది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కంప్యూటర్ ద్వారా గాని మరే పరికరం ద్వారా గాని తయారైన సామగ్రిని కూడా పబ్లిక్ రికార్డుగానే నిర్వచించింది. ప్రతి రికార్డులు సృష్టించే సంస్థలో ఒక రికార్డు అధికారి ఉండాలని చెప్పింది. నిర్ణీత పద్ధతి పాటించకుండా రికార్డులను ధ్వంసం చేస్తే 5 సంవత్సరాల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇది కేంద్ర ప్రభుత్వానికీ, కేంద్రపాలిత ప్రాంతాలకూ, వాటి సంస్థలకూ వర్తించే చట్టం కాబట్టి రాష్ట్ర కార్యాలయాల్లో మాట్లాడేటప్పుడు తమ రాష్ట్ర నిబంధనలను ముందు పెట్టుకోవాలి. సమాచార హక్కు చట్టం, 2005 మాత్రం రెండు చోట్లా వర్తిస్తుంది. రికార్డులను జాబితా వేసి, సూచిక కట్టి ఉంచాలన్న బాధ్యత దాని 4వ సెక్షన్‌లోనే ఉంది. రికార్డు అధికారికి ఆసక్తి లేకపోయినా ఆ సెక్షన్ గుర్తు చేస్తే వింటారు.

మన జిల్లా కార్యాలయాలకు ఎల్‌డిస్, డీడిస్, ఆర్‌డిస్ అనే ముగింపు గుర్తులు కొత్త కాదు. ఫైలు ముగిసిన రోజునే అది ఎన్నాళ్లు ఉండాలో నిర్ణయించే ఆ పాత అలవాటు ఎలక్ట్రానిక్ ఫైలుకు ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే పదేళ్ల తర్వాత లక్షల ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి విలువ కట్టడం ఎవరి తరమూ కాదు. విలువ నిర్ణయం ఫైలు వారీగా కాక పని వారీగా జరగాలి. భూసేకరణ అవార్డులు శాశ్వతం, వాహనాల డీజిల్ బిల్లులు ఆడిట్ ముగిసే వరకు, సెలవు దరఖాస్తులు నిర్ణీత గడువు వరకు అని సెక్షన్‌తో కలిసి ముందే పట్టిక వేసుకుని, ఆ గడువులను వ్యవస్థలోనే నమోదు చేయించాలి. ‘డిస్కు చవక, అన్నీ దాచుకుందాం’ అనే మాట తరచూ వినిపిస్తుంది. దానితో నేను ఏకీభవించను. డిస్కు చవకే, కానీ దాచిన ప్రతిదాన్ని పరిశీలించడం, మార్చడం, వివరించడం చవక కాదు. అనవసరమైనవి కుప్ప పోస్తే అవసరమైనవి దొరకవు.

స్వీకరించే రోజు

రికార్డులు చేతులు మారే ఆ ఒక్క రోజున చేసే పని, తర్వాతి 50 ఏళ్ల పాటు వాటి విశ్వసనీయతకు ఆధారం. కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

కార్యాలయం హార్డ్ డిస్కును పంపితే, దాన్ని నేరుగా మన పని కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తెరవకూడదు. కంప్యూటర్ తనంతట తానే డిస్కు మీద కొన్ని రాతలు రాస్తుంది. వర్డ్ ఫైలును ఊరికే తెరిచి మూసేటప్పుడు పొరపాటున సేవ్ నొక్కినా దాని తేదీ మారిపోతుంది. రైట్ బ్లాకర్ అనే చిన్న పరికరం మధ్యలో పెడితే డిస్కు నుంచి చదవడమే తప్ప దాని మీద రాయడం కుదరదు. అది లేకపోతే కనీసం డిస్కును చదవడానికి మాత్రమే అనుమతించే అమరికలో తెరవాలి. నెట్‌వర్కుతో సంబంధం లేని వేరే కంప్యూటర్‌లో వైరస్ పరీక్ష జరిపి, ఫైళ్లను అక్కడ కొన్ని వారాలు విడిగా ఉంచి, వైరస్ జాబితా నవీకరించాక మరోసారి పరీక్షించాలి. వచ్చిన రోజున గుర్తింపునకు అందని వైరస్ రెండోసారి పట్టుబడే అవకాశం ఉంటుంది.

తర్వాత చెక్‌సమ్. ఒక ఫైలులోని మొత్తం సమాచారాన్ని గణించి తీసిన నిర్ణీత పొడవు గల సంఖ్యే చెక్‌సమ్. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాల వరుసగా వస్తుంది, ఫైలులో ఒక్క కామా మారినా మొత్తం వరుస మారిపోతుంది. దీన్ని ఆర్కైవ్స్‌కు వచ్చాక కాదు, పంపే కార్యాలయంలోనే, వారి సమక్షంలో తీయాలి. అక్కడ తీసిన జాబితా, ఇక్కడ మళ్లీ తీసిన జాబితా ఒకటేనని తేలాకే రసీదు ఇవ్వాలి. రసీదు మీద ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరి సంతకాలూ, ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం, చెక్‌సమ్ జాబితా ఫైలుకు విడిగా తీసిన చెక్‌సమ్ ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో దాఖలు చేసేటప్పుడు ఇవ్వవలసిన ధ్రువపత్రంలో ఈ చెక్‌సమ్‌ను (హాష్ విలువ అన్నా ఇదే), అది ఏ పద్ధతిలో తీసినదో పేర్కొనాలి. అంటే మనం స్వీకరించే రోజు నింపే జాబితా రేపు ఒక రైతు భూమి దావాలో సాక్ష్యంగా నిలిచే కాగితం. అంత శ్రద్ధతోనే దాన్ని నింపాలి.

పంపే పొట్లానికి బ్యాగిట్ పద్ధతి సులువైనది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీ కలిసి రూపొందించిన ఈ పద్ధతి 2018లో ఆర్‌ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ప్రచురితమైంది. ఒక ఫోల్డరులో అసలు ఫైళ్లు, పక్కనే వాటి చెక్‌సమ్ జాబితా, ఎవరు ఎప్పుడు పంపారో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైలు, అంతే దాని నిర్మాణం. ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేర్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు.

ఆ చిన్న టెక్స్ట్ ఫైలులో కార్యాలయం పేరును ఆనాటి పేరుతోనే రాయాలి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2014 జూన్ 2కు ముందు నాటి ఉమ్మడి రాష్ట్ర రికార్డయితే, అది పుట్టినప్పుడు ఏ శాఖది, విభజనలో ఏ రాష్ట్రపు ఏ కార్యాలయానికి చేరింది అన్నది కూడా ఉండాలి. ఈ నాలుగు వాక్యాలు లేకపోతే భావి పరిశోధకుడు రంగారెడ్డి జిల్లా అంటే ఏ రంగారెడ్డి జిల్లానో తేల్చుకోలేడు.

ఫార్మాట్ గుర్తించేటప్పుడు ఫైలు పేరు చివరి అక్షరాలను నమ్మకూడదు. బ్రిటన్ జాతీయ అభిలేఖాగారం ఉచితంగా అందిస్తున్న డ్రాయిడ్ అనే సాధనం ఫైలు లోపలి గుర్తులను చూసి, అదే సంస్థ నిర్వహించే ప్రోనోమ్ పట్టికలోని సంఖ్యను చూపిస్తుంది. ఉదాహరణకు పీడీఎఫ్ 1.4కు ఎఫ్‌ఎంటీ/18. ఈ సంఖ్యను వివరాల పట్టికలో నమోదు చేసుకుంటే, ఒక ఫార్మాట్‌కు కాలం చెల్లినప్పుడు మన దగ్గర అలాంటివి ఎన్నున్నాయో ఒక్క వెతుకుతో తెలిసిపోతుంది.

తెలుగు ఫైలు పేర్లు

తెలుగులో పెట్టిన ఫైలు పేర్ల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు కేటాయించే యూనికోడ్‌ను ఫైళ్లలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. లినక్స్ సర్వర్లలో ఫైలు పేరుకు ఉన్న హద్దు 255 బైట్లు. అంటే గుణింతాలు, పొల్లులు, ఒత్తులతో కలిపి 85 సంకేతాలు దాటితే పేరు ఇమడదు. ‘గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక సమీక్షా సమావేశ నిర్ణయాలు’ లాంటి పేరుకు తేదీ, మండలం పేరు కూడా జోడిస్తే హద్దు దగ్గరికి చేరినట్టే.

రెండో సమస్య కంటికి కనిపించనిది. ‘హైదరాబాద్’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం గుర్తు, దాని కింది గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒక్కలాగే ఉంటాయి, కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. పాత మ్యాక్ కంప్యూటర్లు ఫైలు పేర్లను విడదీసిన రూపంలో దాచేవి, కాబట్టి అక్కడి నుంచి వచ్చిన ఫోల్డరును చెక్‌సమ్ జాబితాతో పోలిస్తే, కళ్ల ముందు ఉన్న ఫైలునే లేదని యంత్రం చెప్పవచ్చు. స్వీకరించగానే పేర్లన్నింటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే కలిపిన రూపంలోకి మార్చి, పాత పేరు కొత్త పేరు జాబితాను విడిగా దాచాలి. ఇంకా నిక్కచ్చిగా ఉండాలంటే భద్రపరిచే ప్రతికి అంకెల సంఖ్యను మాత్రమే పేరుగా ఇచ్చి, తెలుగు పేరును వివరాల పట్టికలో ఉంచడం మంచిది. నేను ఈ రెండో పద్ధతినే సూచిస్తాను.

పాత ఫాంట్లలోని తెలుగు

మన రాష్ట్రాల అభిలేఖాగారాలకు అన్నిటికన్నా బరువైన పని ఇదే, ఆలస్యమయ్యే కొద్దీ కష్టమయ్యే పని కూడా ఇదే. యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. భారతీయ లిపుల కోసం రూపొందిన ఇస్కీ సంకేత పద్ధతి భారతీయ ప్రమాణమైంది కూడా అదే సంవత్సరం. అయినా ఆ తర్వాత ఎన్నో ఏళ్ల పాటు కార్యాలయాల్లోనూ డీటీపీ కేంద్రాల్లోనూ జరిగిన తెలుగు కంపోజింగ్ అను, శ్రీలిపి, ఆకృతి, ఐలీప్ వంటి ప్యాకేజీలతో సాగింది. ఆ ఫాంట్లలో అధిక భాగం ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీద తెలుగు అక్షర భాగాల బొమ్మలను కూర్చినవి. ఫైలులో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ యూరప్ భాషల గుర్తులూ, ఫాంటు ఉంటేనే అవి తెలుగుగా కనిపిస్తాయి. ఫాంటు తీసేస్తే అర్థం లేని గుర్తుల వరుస మిగులుతుంది.

ఇలాంటి ఫైలు వచ్చినప్పుడు నాలుగు వస్తువులు కలిపి భద్రపరచాలి. ఒకటి, వచ్చిన ఫైలును వచ్చినట్టుగానే. రెండు, పాత కంప్యూటర్‌లో గాని, పాత విండోస్‌ను లోపల నడిపే వర్చువల్ యంత్రంలో గాని అసలు ఫాంటుతో తెరిచి తీసిన పీడీఎఫ్/ఏ (దీర్ఘకాలం దాచడానికి ఉద్దేశించిన పీడీఎఫ్ రకం) ప్రతి. 2005లో ఐఎస్‌ఓ 19005 పేరుతో ప్రమాణంగా వచ్చిన పీడీఎఫ్/ఏలో వాడిన ఫాంటు ఫైలులోనే ఇమిడి ఉండాలి కాబట్టి పేజీ రూపం ఎప్పటికీ మారదు. మూడు, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం. నాలుగు, ఫాంటు పేరు, వెర్షన్, ప్యాకేజీ పేరు, మార్పిడికి వాడిన పట్టిక, మార్చినవారు, సరిచూసినవారు ఎవరో తెలిపే నమోదు. లైసెన్సు అనుమతిస్తే ఫాంటు ఫైలును కూడా వీటితో పాటు దాచాలి.

పీడీఎఫ్ ఉంటే యూనికోడ్ పాఠం ఎందుకని కొందరు అడుగుతారు. పాత ఫాంటుతో తీసిన పీడీఎఫ్ కంటికి చక్కగా కనిపిస్తుంది గాని దాని లోపల ఉన్నది అవే గుర్తులు. అందులో ‘సమావేశం’ అని వెతికితే ఏమీ దొరకదు. పీడీఎఫ్/ఏలో యూనికోడ్ సంకేతాలు తప్పనిసరిగా ఉండాలనే ఉన్నత స్థాయి ఒకటి ఉంది, కానీ పరీక్షించే సాధనం సంకేతం ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది, అది సరైన తెలుగు సంకేతమేనా అని చూడదు. కాబట్టి పరీక్షలో నెగ్గిన పీడీఎఫ్‌లో కూడా వెతకడానికి తెలుగు లేకపోవచ్చు.

మార్పిడి సాధనాలు చాలా ఉన్నాయి, వాటి ఫలితాన్ని కళ్లతో చూడకుండా నమ్మకూడదు. పాత ఫాంట్లలో ఒక్కో అక్షరం ముక్కలుగా ఉంటుంది: తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు మరో ముక్క. వాటిని తిరిగి కూర్చే క్రమం తప్పితే అక్షరమే మారిపోతుంది. ‘సమావేశం’ ‘సవూవేశం’గా మారడం, ‘ప్రభుత్వం’ ‘వూపభుత్వం’గా మారడం ఇంటర్నెట్‌లోని పాత తెలుగు వార్తలు చదివేవారందరూ చూసినవే. మొదటి దానిలో ‘మా’ను కూర్చిన ముక్కలను సాధనం ‘వూ’గా చదివింది, రెండో దానిలో అక్షరానికి ముందు వచ్చే క్రావడిని (ర ఒత్తును) అదే ‘వూ’గా చదివింది. ఇలాంటి తప్పు వార్తలో ఉంటే చదివేవారు సర్దుకుంటారు. అదే ‘రామాపురం’ అనే గ్రామం పేరు ‘రావూపురం’ అని సూచికలో చేరితే ఆ ఊరి రికార్డు వెతికినవారికి దొరకనే దొరకదు.

అందుచేత మార్చిన పాఠంలో ముందుగా ‘వూ’ ఉన్న ప్రతి చోటునూ వెతికి చూడాలి. తర్వాత క్రావడి ఉన్న మాటలు, ‘క్ష’, రెండు ఒత్తులు పడే ‘స్త్ర’ వంటివి, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో మధ్యలో పొల్లుగా నిలవవలసిన హల్లులు, బండి ‘ఱ’ చూడాలి. వ్యక్తుల పేర్లు, గ్రామాల పేర్లు, సర్వే నంబర్లు, సొమ్ము, తేదీలు మాత్రం నమూనాగా కాక పూర్తిగా, పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని ఒకరు చదువుతూ మరొకరు చూస్తూ సరిపోల్చాలి. కంపోజింగ్ తెలిసిన పాత డీటీపీ ఆపరేటర్లు ఈ పనికి ఎంతో సాయపడతారు. ఒక ఫైలును చూడగానే ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ అని చెప్పగలిగేవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వారు అందుబాటులో ఉన్నప్పుడే ఆ పరిజ్ఞానాన్ని కాగితం మీద పెట్టుకోవాలి.

సంతకాలు, డేటాబేసులు

ఈ-ఆఫీస్‌లో పసుపు నోటు చిత్తు, ఆకుపచ్చ నోటు ఖాయమైనది. బదిలీ తీసుకునేటప్పుడు ఆకుపచ్చ నోట్లు, వాటికి జతపడ్డ ఉత్తర ప్రత్యుత్తరాలు, ఫైలు ఎవరి దగ్గరి నుంచి ఎవరికి ఎప్పుడు కదిలిందన్న చరిత్ర, ఈ మూడూ కలిసి రావాలి. నోటు ఫైలును మాత్రమే పీడీఎఫ్‌గా ఇచ్చి సరిపెడితే అంగీకరించకూడదు, ఎందుకంటే నిర్ణయం ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో చెప్పేది కదలికల చరిత్రే.

డిజిటల్ సంతకానికి ఆధారమైన ధ్రువపత్రం సాధారణంగా 1 నుంచి 3 సంవత్సరాలే చెల్లుతుంది. పదేళ్ల తర్వాత ఆ పత్రాన్ని తెరిస్తే సంతకం సరైనదో కాదో తేల్చలేమన్న హెచ్చరిక రావచ్చు. దీనికి మందు స్వీకరించే రోజునే ఉంది: సంతకం ఆ రోజున చెల్లుబాటులో ఉందో లేదో పరీక్షించి, ఫలితాన్ని, ధ్రువపత్రం సంఖ్యను, జారీ చేసిన సంస్థ పేరును, పరీక్షించిన తేదీని నమోదు చేయాలి. సంతకం ఉన్న పీడీఎఫ్‌ను పీడీఎఫ్/ఏగా మారిస్తే ఫైలు మారినట్టే కాబట్టి సంతకం చెల్లదు. మూలాన్ని అలాగే ఉంచి, మార్చిన ప్రతిని పక్కన పెట్టాలి. సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 7వ సెక్షన్ కూడా రికార్డును పుట్టిన రూపంలో గాని, అదే సమాచారాన్ని యథాతథంగా చూపగల రూపంలో గాని ఉంచాలని, ఎక్కడి నుంచి ఎక్కడికి ఏ తేదీన ఏ సమయానికి వెళ్లిందో తెలిపే వివరాలను కూడా ఉంచాలని కోరుతుంది.

డేటాబేసుల పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖ పనిని కంప్యూటర్ల మీదికి తెచ్చిన కార్డ్ వ్యవస్థ 1998లో మొదలైంది. అలాంటి వ్యవస్థలో ‘ఒక రికార్డు’ అనేది ఫైలుగా ఉండదు, పదుల పట్టికల్లో పంచుకుని ఉంటుంది. పట్టికలను మాత్రమే కాపీ చేసుకుంటే ‘స్వభావం: 07’ అని ఒక గడిలో ఉంటుంది గాని 07 అంటే అమ్మకమో తనఖానో చెప్పే కోడ్ జాబితా వేరే చోట ఉండిపోతుంది. స్విట్జర్లాండ్ ఫెడరల్ అభిలేఖాగారం రూపొందించిన సియార్డ్ ఫార్మాట్‌లో పట్టికలు, వాటి మధ్య సంబంధాలు, వాటి వివరణలు ఒకే పొట్లంలో వస్తాయి. అది వీలుపడకపోతే ప్రతి పట్టికనూ సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) తీసి, ప్రతి గడి అర్థాన్ని తెలిపే పట్టికనూ, కోడ్ జాబితాలన్నింటినీ, ఆ వ్యవస్థ తెరల చిత్రాలనూ జతచేయాలి. వ్యవస్థను నడిపిన సంస్థతో ఒప్పందం ముగియకముందే ఇది జరగాలి. ముగిశాక వివరం చెప్పేవారు ఉండరు.

ఎక్కడ ఉంచాలి

మూడు ప్రతులు, కనీసం రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే ఊళ్లో. ఆ ‘వేరే ఊరు’ ఎంచుకోవడంలో భూగోళం చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు పక్క జిల్లాలు కూడా దెబ్బతిన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పలు ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. విశాఖ ప్రతికి జత ప్రతి విజయనగరంలో ఉంటే ప్రయోజనం తక్కువ. కోస్తాలో ఉన్నదానికి రాయలసీమలో గాని హైదరాబాద్‌లో గాని జత ఉండాలి.

పెన్‌డ్రైవులు, ఎస్‌ఎస్‌డీలు ఏళ్ల తరబడి బీరువాలో పెట్టి ఉంచడానికి తగవు, కరెంటు అందకపోతే వాటిలోని సమాచారం క్రమంగా చెరిగిపోవచ్చు. ఎక్కువ రికార్డులున్న చోట ఎల్‌టీఓ అనే అయస్కాంత టేపు మంచిదే. అయితే ఎల్‌టీఓ-8 డ్రైవు ఎల్‌టీఓ-7 టేపును చదువుతుంది గాని ఎల్‌టీఓ-6 టేపును చదవదు కాబట్టి, టేపు చెడకపోయినా కొత్త తరానికి మార్చే ఖర్చును బడ్జెట్‌లో ముందే చూపాలి. ప్రతి ప్రతినీ కనీసం ఏడాదికి ఒకసారి చెక్‌సమ్‌తో సరిచూసి, ఫలితాన్ని తేదీతో నమోదు చేయాలి. ఒకచోట తేడా వస్తే మిగిలిన రెండింటిలో సరైన దాని నుంచి తిరిగి తీసుకోవాలి. ఆ తిరిగి తీసుకునే పనిని కూడా ఏడాదికోసారి నిజంగా చేసి చూడాలి, ఎందుకంటే ఎన్నడూ వెనక్కి తీయని బ్యాకప్ పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

చదువరులకు ఇచ్చేటప్పుడు

పరిశోధకుడికి మూల ప్రతిని ఎన్నడూ ఇవ్వకూడదు, దాని నుంచి తీసిన వాడుక ప్రతినే ఇవ్వాలి. వివరాల పట్టికలో తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు రెండూ ఉండాలి. ఊరి పేర్లకు పాత స్పెల్లింగులు కూడా చేర్చితే విదేశాల నుంచి వెతికే తెలుగువారికీ మేలు.

వ్యక్తిగత వివరాలున్న రికార్డులను ఇచ్చే ముందు కప్పివేత సరిగ్గా జరగాలి. ఆధార్‌లోని 12 అంకెల మీద నల్లని గడి గీసినంత మాత్రాన అవి పోవు. ఆ గడి కింది అంకెలను కాపీ చేసి మరోచోట అతికిస్తే బయటపడతాయి. కింది పాఠాన్ని నిజంగా తొలగించే సాధనం వాడి, ఆ తర్వాత మీరే కాపీ చేసి పరీక్షించి, అప్పుడే ఇవ్వాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిర్దేశిత ప్రమాణాలకు లోబడి పరిశోధన, ఆర్కైవింగ్ అవసరాలకు మినహాయింపు ఇచ్చింది. అది దాచుకోవడానికి ఇచ్చిన వెసులుబాటే తప్ప బతికి ఉన్న మనిషి వైద్య వివరాలనో కులం పేరునో ఎవరికైనా అందించడానికి ఇచ్చిన అనుమతి కాదు.

గడువు తీరి తొలగించవలసిన వాటిని మూడు ప్రతుల నుంచీ తొలగించాలి. ఏం తొలగించామో, ఏ ఆదేశం మీద, ఎవరి సమక్షంలో అన్న జాబితా మాత్రం శాశ్వతంగా ఉండాలి.

తోటివారితో పంచుకోవలసినవి

ఒక్కో జిల్లాలో, ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒకరో ఇద్దరో చేస్తున్న ఈ పనిలో ఎవరికి వారు పాత ఫాంట్ల పట్టికలు మొదటి నుంచి కట్టుకోవడం వృథా శ్రమ. ఆర్కైవ్స్‌లో పనిచేసేవారంతా కలిసి మూడు వస్తువులను ఉమ్మడిగా నిర్వహించుకోవచ్చు. మొదటిది, పాత విండోస్, పేజ్‌మేకర్, ఆయా ఫాంటు ప్యాకేజీలు నడిచే స్థితిలో ఉన్న ఒకటి రెండు యంత్రాలు, అవి ఏ సంస్థలో ఉన్నాయో తెలిపే జాబితా. రెండోది, ప్యాకేజీ వారీగా, వెర్షన్ వారీగా సరిచూసిన మార్పిడి పట్టికలు. వాటితో పాటు ప్రతి గుణింతం, ప్రతి ఒత్తు, అంకెలు కనిపించేలా కావాలని కంపోజ్ చేసిన ఒక నమూనా పేజీ, దాని సరైన యూనికోడ్ పాఠం ఉండాలి. అసలు రికార్డులను నమూనాగా పంచుకుంటే ప్రజల పేర్లు బయటికి పోతాయి కాబట్టి ఇలా విడిగా తయారు చేసిన పేజీనే వాడాలి. మూడోది, డ్రాయిడ్ గుర్తించలేకపోయిన ఫార్మాట్ల జాబితా. ప్రోనోమ్ పట్టికకు ప్రపంచంలో ఎవరైనా కొత్త ఫార్మాట్ వివరాలను పంపవచ్చు. ఒకే ఫార్మాట్‌కు చెందిన, వేర్వేరు కంప్యూటర్లలో తయారైన కొన్ని నమూనా ఫైళ్లు, వాటిని తయారు చేసిన ప్రోగ్రాము పేరు, వెర్షన్, ప్రతి ఫైలు మొదట్లో తప్పక కనిపించే బైట్ల వరుస రాసి పంపితే, పరిశీలించి చేర్చుకుంటారు. చేరిన తర్వాత ఆ ఫార్మాట్‌ను తిరుపతిలో తెరిచినా, వరంగల్‌లో తెరిచినా డ్రాయిడ్ ఒకే సంఖ్యతో గుర్తిస్తుంది.